‘ముద్దాయి’కే డబ్బు ఇవ్వడమేమిటి?

సందేహం: 19వ శతాబ్దంలో మధ్య ఆసియాలోని బుఖారాలో ఖాజీల ముందు తగవులు ఎలా తీరేవో చెప్పే వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ముద్దయీ ఇక్రార్ చేసి 200 తంగాలు పుచ్చుకున్నాడు’ అని ఉంది (తంగా అంటే అక్కడి వెండి నాణెం). నేరం ఒప్పుకున్న ముద్దాయికి ఎదురు డబ్బివ్వడమేమిటి? ఆ ‘సుల్హ్’ (రాజీ) పత్రాన్ని రాజీనామా అనవచ్చా?

సమాధానం: అక్కడి ముద్దయీ మన ముద్దాయి కాడు. అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. దావా, ముద్దయీ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. దావా ఎవరి మీద పడిందో అతను ‘ముద్దఆ అలైహి’. అలైహి అంటే ‘అతని మీద’. మాట తెలుగులోకి వచ్చింది గాని అర్థం ఎదుటి పక్షానికి పోయింది. మన పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో ముద్దాయి అంటే నిందితుడే. కాబట్టి ఆ మాటను అలాగే దించుకోకండి. వాది, ప్రతివాది అని రాయండి.

ఎవరు వాదో తేల్చడానికి అక్కడి ఖాజీలు అనుసరించిన హనఫీ శాస్త్రంలో (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) చక్కని గుర్తు ఉంది. ఫర్గానా లోయకు చెందిన మర్గీనానీ (మరణం 1197) రాసిన ‘హిదాయా’ చెప్పేదిది: తగవు వదిలేస్తానంటే ఎవరూ బలవంతపెట్టలేనివాడు వాది; వదిలి పోవడానికి వీల్లేక జవాబు చెప్పి తీరవలసినవాడు ప్రతివాది. సాక్షులను తెచ్చే బరువు వాదిది. అతను తేలేకపోతే, కాదన్నవాడు ప్రమాణం చేయాలి.

ఇక ‘ఇక్రార్’. ఇది మన ‘ఖరారు’కు దగ్గరి చుట్టం. నేరం ఒప్పుకోవడమని రాస్తే కథంతా తలకిందులవుతుంది. సుల్హ్ పత్రం నడక చూడండి. తండ్రి ఇంట్లో నాకు వాటా ఉందని ఒకరు దావా వేశారనుకుందాం. ఎదుటివారు లేదన్నారు. ‘ముస్లిహూన్’, అంటే మన పెద్దమనుషుల వంటివారు, మధ్యన పడి 200 తంగాలకు కుదిర్చారు. అప్పుడు వాది ఖాజీ ముందు చెప్పేదే ఇక్రార్: సొమ్ము ముట్టింది, ఇక ఈ దావా నాకు లేదు అని. మీ వాక్యాన్ని ‘వాది రాజీకి సమ్మతి తెలిపి 200 తంగాలు పుచ్చుకున్నాడు’ అంటే సరిపోతుంది.

ఆ సొమ్ముకు అక్కడి పేరు ‘బదల్’. మన ‘బదులు’ అదే. దీన్ని నష్టపరిహారం అనడం నాకు సమ్మతం కాదు. పరిహారం అనగానే తప్పు చేసినట్టు ధ్వనిస్తుంది. హనఫీల్లో ప్రతివాది ఒప్పుకున్నా, మౌనంగా ఉన్నా, కాదన్నా రాజీ చెల్లుతుంది. కాదన్నవాడు డబ్బిస్తే, అది ప్రమాణం తప్పించుకోవడానికీ తగవు తెంచుకోవడానికీ ఇచ్చినదే తప్ప తప్పొప్పుకోలు కాదు. (మరో సంప్రదాయం వారైన షాఫీలు మాత్రం కాదన్న తరవాతి రాజీని ఒప్పుకోరు.) ‘రాజీ సొమ్ము’ అనండి.

రాజీనామా మాత్రం వద్దు. పారసీకంలో అది సమ్మతి పత్రమే. ఉర్దూ కోర్టు భాషలో నేటికీ రాజీ కుదిరిన కాగితమే. తెలుగు పాఠకుడికి మాత్రం ఎవరో ఉద్యోగం వదులుకున్నారనిపిస్తుంది. ‘రాజీపత్రం’ అని రాయండి.