ట్రియెస్తెకు బయల్దేరుతున్న మేనకోడలికి

విశాఖపట్నం

అమ్మడూ,

మీ ఆయనకు సబాటికల్, అంటే పరిశోధన కోసం ఇచ్చే సెలవు, మంజూరైందని, ఏడాది పాటు నలుగురూ ఇటలీలోని ట్రియెస్తెలో ఉంటారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ ఊరి పేరు విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ మావయ్య కూడా అక్కడి భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఐసీటీపీకే వెళ్ళారు కదా, 2011 అక్టోబరు చివర్లో. మరుసటి సెప్టెంబరు దాకా ఉన్నాం. అప్పుడు మా వాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి అయిదు. ఇప్పుడు నీ పిల్లలదీ ఇంచుమించు అదే వయసు. మీ ఆయనకు చెప్పాల్సినవి మీ మావయ్య చెబుతారు. ఈ ఉత్తరం నీకు.

ముందు నీ సంగతే రాస్తాను, ఎందుకంటే నీ సంగతి ఎవరూ అడిగి ఉండరు. మీ ఆయనకు అక్కడ గది ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, ఇంగ్లీషులో మాట్లాడే మనుషులుంటారు. మనలాంటి దేశాల శాస్త్రవేత్తలు ఒంటరిగా పడి ఉండకూడదనే 1964లో అబ్దుస్ సలాం ఆ సంస్థ పెట్టారు. పిల్లలకు బడి ఉంటుంది. బ్యాంకులో జీతం లేని సెలవు పెట్టి వెళ్ళే నీకు, పొద్దున ముగ్గురూ వెళ్ళిపోయాక ఖాళీ ఇల్లు ఉంటుంది. నవంబరు చివరికి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఆ నెలలో మూడు వారాలు ఇంట్లోవాళ్ళతో తప్ప ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా గడిపాను నేను. వంట చేసుకోవడం, కిటికీ దగ్గర కూర్చోవడం. మీ మావయ్యకు చెబితే ఆయన పని పాడవుతుందని చెప్పలేదు. ఆ చెప్పకపోవడం వల్ల ఇద్దరం దూరమైపోయాం, సంక్రాంతి నాటికి గానీ ఆ ముడి విడలేదు. నువ్వు అలా చెయ్యకు. ఎలా ఉందో అదే రోజు చెప్పు.

వెళ్ళిన మొదటి వారంలోనే ఇటాలియన్ క్లాసులో చేరు. పెద్దవాళ్ళకు భాష నేర్పే ప్రభుత్వ కేంద్రాలను సీపీఐఏ అంటారు, అక్కడ అడుగు. మన చెవికి ఇటాలియన్ కష్టం కాదు. మాట చివర అచ్చు వస్తుంది, ఒత్తు పలికితే ఒక అర్థం, పలకకపోతే ఇంకో అర్థం. 'నొన్నో' అంటే తాతయ్య, 'నోనో' అంటే తొమ్మిదోది. ఇంగ్లీషువాళ్ళకు నోరు తిరగని ఆ తేడా నీకు పుట్టుకతోనే వచ్చు. రోజూ ఒకే కాఫీ కొట్టుకి వెళ్ళు. ఆ ఊళ్ళో కాఫీ పేర్లు వేరు, నెరో అంటే పాలు లేనిది, కాపో అంటే కొంచెం పాలతో. నెల రోజులు ఒకే కొట్టుకి వెళ్తే ఆ కౌంటర్ దగ్గర నిన్ను గుర్తుపట్టే మనిషి ఒకరైనా ఉంటారు. పరాయి ఊళ్ళో అది చిన్న విషయం కాదు.

ఇక ఎప్పుడు వెళ్ళాలి అన్నది. ఆగస్టు ఆఖరి వారంలో దిగండి. ఆగస్టు 15 వాళ్ళకు పెద్ద సెలవు, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఇల్లు చూపించే మనిషి కూడా దొరకడు. బడి సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. అప్పటికి సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, చలి రాకముందే ఊరు మీకు అలవాటవుతుంది. మేం అక్టోబరు చివర్లో వెళ్ళి నేరుగా చలికాలంలోకి దిగాం, నా నవంబరు అలా గడవడానికి అదీ ఒక కారణం. అక్టోబరు రెండో ఆదివారం బార్కొలానా అని తెరచాప పడవల పందెం జరుగుతుంది. 1969 నుంచి జరుగుతోందిట, ఊరి ముందున్న సముద్రమంతా తెల్ల తెరచాపలే ఉంటాయిట. మాకు వచ్చేటప్పుడూ తప్పిపోయింది, పోయేటప్పుడూ తప్పిపోయింది. మీరు తప్పకుండా చూడండి.

కాగితాల టెన్షన్ ఇప్పుడే పడితే అక్కడ పడక్కర్లేదు. మీ పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు అపోస్టిల్ చేయించి, అంటే విదేశాల్లో చెల్లేలా ముద్ర వేయించి, ఇటాలియన్‌లోకి తర్జుమా చేయించుకో. అపోస్టిల్ కంటే ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ కావాలి, దానికి రోజులు పడతాయి. పిల్లల టీకాల కార్డులు పెట్టుకో. 2017 చట్టంతో అక్కడ బడి పిల్లలకు పది టీకాలు తప్పనిసరి చేశారు. దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి, అంటే పెర్మెస్సోకి, పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలి. వాళ్ళిచ్చే రసీదు బంగారంలా దాచుకో, కార్డు చేతికొచ్చేదాకా అదే ఆధారం. డాక్టరు సంగతి ఇంకొకటుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో డబ్బు కట్టి స్వచ్ఛందంగా చేరితే అది క్యాలెండరు సంవత్సరానికి లెక్క. సెప్టెంబరులో మొత్తం కట్టినా డిసెంబరు 31తో సరి. 2024లో ఆ రుసుము బాగా పెంచారు కూడా. కాబట్టి సంస్థ తరఫున కుటుంబానికి ఏ బీమా ఉందో ముందే రాసి అడగండి.

జీతం ఇక్కడ పూర్తిగా వస్తుంది కదా అన్న ధీమాతో వెళ్ళకండి. జీతం రూపాయల్లో, ఖర్చు యూరోల్లో. ఇంటి అడ్వాన్సు, చలి బట్టలు, ఫీజులు అన్నీ కలిసి మొదటి రెండు నెలలే మమ్మల్ని పిండేశాయి.

ఇల్లు బార్కోలా అనే పేటలో సముద్రం ఎదురుగానే కావాలని పట్టుబట్టకు. అద్దె ఎక్కువ. మేం రొయానో అనే పేటలో ఉన్నాం. సముద్రం ఒడ్డున, ఐసీటీపీ ఉన్న మిరమారే వైపు వెళ్ళే 6వ నంబరు బస్సు అందుబాటులో ఉంటే చాలు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు రెండు అడుగు: చలికాలంలో ఇల్లు వెచ్చబరిచే ఖర్చు అద్దెలో కలిసుందా, విడిగానా? కిటికీలు బోరా వైపున్నాయా?

బోరా అంటే ఆ ఊరి గాలి. తూర్పు ఈశాన్యం నుంచి, వెనకున్న కార్సో పీఠభూమి మీద నుంచి చల్లగా, పొడిగా కిందకి దూకి సముద్రం మీదికి పోతుంది. మన తుఫాను గాలి సముద్రం మీంచి వస్తుంది, చినుకు తెస్తుంది, రెండు రోజుల్లో పోతుంది. ఇది నేల మీంచి వస్తుంది, ఒక్కోసారి ఆకాశం నిర్మలంగా ఉండగానే వీస్తుంది. గంటకు 100 కిలోమీటర్లు దాటడం చలికాలంలో వింత కాదు. పూర్వం వీధి మలుపుల్లో జనం పట్టుకుని నడవడానికి తాళ్ళు కట్టేవారట. 2012 ఫిబ్రవరిలో రోజుల తరబడి వీచింది. ఎగసిన నీటి తుంపర ఒడ్డునున్న రెయిలింగుల మీద, మోలో అవుదాచె రేవుగట్టు మీద పడీపడగానే గడ్డకట్టేసింది. మా చిన్నది గాలికి నడవలేకపోతే మీ మావయ్య ఎత్తుకుని, నేను వెనక నుంచి ఆయన కోటు పట్టుకుని ఇల్లు చేరాం. అందుకే చెబుతున్నాను, గొడుగులు తీసుకెళ్ళకు. బోరా మర్నాడు చెత్తడబ్బాల నిండా విరిగిన గొడుగులే. టోపీ ఉన్న, గాలి చొరని కోటు ఒక్కటి మంచిది కొను, స్వెట్టర్లు నాలుగు తగ్గినా ఫరవాలేదు. అలాంటి రోజున పిల్లల్ని ఓడల రేవు వైపు పోనివ్వకు.

పిల్లల్ని అక్కడి మామూలు ప్రభుత్వ బడిలోనే వెయ్యి. ప్రాథమిక బడిలో ఫీజు లేదు, పుస్తకాలూ వాళ్ళే ఇస్తారు. మా వాడు క్రిస్మస్ దాకా క్లాసులో నోరు విప్పలేదు. టీచరు తొందరపెట్టలేదు, మేమే తొందరపడ్డాం. ఇంటికి రాగానే "ఇవాళ ఏం మాట్లాడావు?" అని రోజూ అడిగి ఏడిపించాను. జనవరిలో ఒక రోజు బస్సులో పక్కనున్న ముసలాయన అడిగినదానికి గడగడా జవాబు చెప్పాడు. వినడం నేర్చుకుంటున్న పిల్లవాణ్ణి మాట్లాడమని పీడించానని అప్పుడు తెలిసింది. నీ పెద్దవాడు కూడా మౌనంగా ఉంటే ఉండనీ. తెలుగు మాత్రం వదలనివ్వకు. వారానికి ఒక పేజీ అమ్మమ్మకు ఉత్తరం రాయించు, ఫోటో తీసి పంపించు. మేం ఆ పని చెయ్యలేదు, చిన్నది తిరిగొచ్చాక అఆలు మళ్ళీ దిద్దింది.

వంట గురించి ఒక్క ముక్క. నెయ్యి, పాలకోవా కట్టుకెళ్ళకు. పాల పదార్థాలు, మాంసం బయటి నుంచి యూరప్‌లోకి తీసుకురానివ్వరు. అక్కడ వెన్న మంచిది, ఇంట్లో కాచుకో. చింతపండు, ఎండుమిర్చి, కందిపొడి, కరివేపాకు పొడి ఉంటే చాలు, జుకినీతో పప్పు బీరకాయ పప్పులాగే కుదురుతుంది.

ఇప్పుడు సముద్రం. దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

విశాఖలో పుట్టినదానివి, సముద్రం నీకు కొత్త కాదనుకుంటావు. నేనూ అనుకున్నాను. మనది చూసే సముద్రం. ఆర్కే బీచ్‌లో మోకాలి దాకా దిగితే మా అమ్మ కేకలు వేసేది. ఆ కేక న్యాయమైనదే, అక్కడ లోపలికి లాగే నీరు ఎంతమందిని తీసుకుపోయిందో మనకు తెలుసు. వాళ్ళది దిగే సముద్రం. బార్కోలాలో ఇసుకే లేదు. సిమెంటు గట్టు, పైన్ చెట్లు, నీళ్ళలోకి దిగే ఇనుప నిచ్చెనలు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసుల్లోంచి వచ్చి ఒక మునక వేసి తిరిగి పనికి పోతారు. డెబ్బై ఏళ్ళ ఆడవాళ్ళు కూరల సంచీ గట్టు మీద పెట్టి ఈదుతారు. జూన్ అంతా నేను ఆ గట్టు మీద చుడీదార్‌తో కూర్చుని చూశాను.

తర్వాత ఎవరో లాంతెర్నా గురించి చెప్పారు. ఊళ్ళోవాళ్ళు పెదొచిన్ అంటారు. దీపస్తంభం పక్కన చిన్న బీచ్, మధ్యలో నీళ్ళలోకి కూడా పోయే తెల్లటి గోడ. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, పిల్లలు. ఆస్ట్రియా ఏలుబడి నాటి ఏర్పాటు, ఇప్పటికీ తీసెయ్యనివ్వరు ఆ ఊరి ఆడవాళ్ళు. గోడకు అవతల మీ మావయ్య, ఇవతల మేం ముగ్గురం. అక్కడ నన్నెవరూ చూడలేదు. నలభై రెండేళ్ళ వయసులో మొదటిసారి భుజాల దాకా సముద్రంలోకి దిగాను. ఒకావిడ, పేరు కూడా సరిగా తెలియదు, నా వీపు కింద అరచెయ్యి పెట్టి "పియానో, పియానో" అంటూ వెల్లకిలా తేలడం నేర్పింది. మెల్లగా, మెల్లగా అని. పది రోజులు రోజూ వచ్చింది. పదకొండో రోజు ఆ చెయ్యి తీసేసింది, నేను తేలుతూనే ఉన్నాను. చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఏడాది మీ మావయ్య రెండు పేపర్లు రాశారు. నాకు మాత్రం ఆ ఏడాదంటే అదే.

అందుకే అడుగుతున్నాను, ప్రతి శనివారం టికెట్లు బుక్ చెయ్యకండి. వెనిస్ రైల్లో రెండు గంటల దూరం, స్లొవేనియా పక్క వీధి లాంటిది, చూడాలనిపిస్తుంది. చూడండి, నెలకొకసారి. మిగతా రోజుల్లో ఒకే గట్టు, ఒకే వేళ, అవే మొహాలు. మేం మొదటి ఆరు నెలలు తిరగడంలో పెట్టాం. చూసిన ఊళ్ళు పిల్లలకు ఇప్పుడు గుర్తు లేవు. గట్టు మీద వాళ్ళు పీతలు వెతికిన రాళ్ళు ఏవేవో ఇద్దరూ ఇప్పటికీ చెబుతారు.

మీరు తిరిగొచ్చేసరికి ఇక్కడి బళ్ళు జూన్‌లోనే తెరిచేసి ఉంటాయి. హెడ్‌మాస్టరుతో ఇప్పుడే మాట్లాడి, రాతపూర్వకంగా తీసుకో. వచ్చాక మొదటి నెల పిల్లలు ఊరికే కోప్పడతారు, నీకూ ఏదీ నచ్చదు. ఇంటికి చుట్టాల్ని పిలవకు ఆ నెల.

పిల్లలిద్దరినీ ఈ నెలలోనే ఈత కొలనులో చేర్పించు, నువ్వూ చేరు. రాళ్ళ మధ్య ముళ్ళుండే సముద్రపు జీవులుంటాయి, రబ్బరు బూట్లు లేకుండా దిగకూడదు. మావి మూడు జతలు అటక మీదున్నాయి, రబ్బరు ఇంకా గట్టిగానే ఉంది. చిన్న కోట్లు రెండు కూడా ఉతికి ఉంచాను. ఆదివారం వచ్చేటప్పుడు పిల్లల కాళ్ళ కొలతలు కాగితం మీద గీసుకుని తీసుకురా.

మీ అత్త