షెడ్డులో పడున్న ఎంజీబీ ఇంజన్ కొనాలా, ఉన్నదాన్నే రీబిల్డ్ చేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 1972 ఎంజీబీ (ఎంజీ కంపెనీ పాత స్పోర్ట్స్ కారు) ఉంది, ఇంజన్ అడుగు నుంచి టకటకమని కొడుతోంది, ఎవరో పన్నెండేళ్లుగా షెడ్డులో పెట్టుకున్న ఇంకో ఇంజన్ అమ్ముతామంటున్నారు, చేత్తో తిప్పితే తిరుగుతోందట, అది కొని రీబిల్డ్ చేయించుకోవచ్చా అని. ముందే చెప్పేస్తాను, మీ సొంత ఇంజన్ దించి, విప్పి, కొలతలు తీసేదాకా అటువైపు వెళ్లకండి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్న విషయం.

నాదీ ఇదే కారు. ఇంజన్ కొడుతోందనగానే టెన్షన్ పడి, ఒకసారి రీబిల్డ్ చేశారు, పెద్దగా తిరగలేదు అని చెప్పిన ఇంకో ఇంజన్ చూడ్డానికి వెళ్లాను. కొత్తగా పెయింట్ వేసి ఉంది, పుల్లీ పట్టుకుని తిప్పితే చక్కగా తిరిగింది, సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి చూస్తానంటే ఒప్పుకోలేదు, అయినా కొనేశాను. అంతకంటే పెద్ద తప్పు, నా పాత ఇంజన్ని విప్పకుండానే పార్టుల కింద వేరేవాళ్లకి ఇచ్చేశాను.

ఇంటికి తెచ్చి హెడ్, అంటే సిలిండర్ల మీద వాల్వ్‌లుండే మూత, తీశాక పిస్టన్ల మీద నల్లగా పేరుకున్న మసిని గుడ్డతో తుడిచాను. కింద నుంచి 060 అన్న అంకె బయటపడింది. ఇంచిలో వెయ్యో వంతుని వర్క్‌షాపుల్లో థౌ అంటారు కదా, అంటే ఈ బ్లాక్‌లో, అదే ఇంజన్ దిమ్మలో, సిలిండర్ రంధ్రాల్ని (బోర్లని) అప్పటికే 60 థౌ, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెద్దది చేశారు. ఈ ఇంజన్‌కి మామూలుగా దొరికే పిస్టన్లలో అది చివరి సైజు. సిలిండర్ పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందకి లాగితే మెట్టులా తగులుతోంది, అంటే ఆ బోర్ కూడా అరిగిపోయింది, ఇక స్లీవులు (సిలిండర్ లోపల దిగగొట్టే కొత్త గొట్టాలు) వేయించడం తప్ప దారి లేదు. కిందకి వస్తే, క్రాంక్‌ని (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసుని) పట్టుకునే పల్చటి బేరింగ్ షెల్ వెనక 030 అని ఉంది. ఒక్కో సైజుకి 10 థౌ చొప్పున క్రాంక్‌ని మూడుసార్లకు సరిపడా గ్రైండ్ చేసేశారన్నమాట, మిగిలింది ఇంకొక్క సైజే. కొన్ని నెలల తర్వాత నా పాత ఇంజన్ తీసుకున్నాయన చెప్పాడు, అందులో పిస్టన్లు స్టాండర్డ్ సైజువే, క్రాంక్‌కి మొదటి గ్రైండింగ్ సరిపోయిందని. ఆ మాట విన్న రోజు నిజంగా బాధేసింది.

అందుకే అంటున్నాను, చేత్తో తిరుగుతోంది అంటే పిస్టన్లు తుప్పుతో పట్టేయలేదని మాత్రమే అర్థం. అరిగిపోయిన ఇంజన్ ఇంకా సులువుగా తిరుగుతుంది. రీబిల్డ్‌లో రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, ఆయిల్ పంపు, టైమింగ్ చైన్ ఎలాగూ కొత్తవే వేస్తారు, కాబట్టి పాత ఇంజన్లో మీరు నిజంగా కొనేది బ్లాక్, క్రాంక్, హెడ్, ఈ మూడే. వాటిలో ఎంత లోహం మిగిలి ఉందో తెలియకుండా ధర మాట్లాడటంలో అర్థం లేదు.

హెడ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఇంజన్లో రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే పోర్టులోంచి బయటికి పోతుంది, అందుకని హెడ్ మధ్యభాగం బాగా వేడెక్కుతుంది, పగుళ్లు కూడా అక్కడే, వాల్వ్ సీట్ల మధ్య, ఎక్కువగా వస్తాయి. వెంట్రుకంత పగులు మసి కింద కంటికి కనబడదు, శుభ్రం చేయించి పగుళ్ల టెస్ట్ చేయిస్తేనే తెలుస్తుంది. సీసం లేని పెట్రోల్‌తో నడపడానికి ఎగ్జాస్ట్ వాల్వ్‌లు మూసుకున్నప్పుడు ఆనే చోట గట్టి సీట్లు వేయించారో లేదో కూడా అడగండి, లేకపోతే ఆ ఖర్చూ మీదే. బ్లాక్ బయట పక్కగోడలు కూడా చూడండి. నీళ్లు తీసేయకుండా గడ్డకట్టే చలిలో వదిలేసిన ఇంజన్లకి కోర్ ప్లగ్గులు (బ్లాక్ పక్కన నీళ్ల దారుల రంధ్రాలకి కొట్టిన రేకు మూతలు) ఉబ్బి బయటికొస్తాయి, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

ఇంకొకటి, అది మీ కారుకి సరిపోయే ఇంజనేనా అన్నది. 1798 సీసీ అని చెప్పగానే నమ్మకండి. ఎంజీబీలో 1964 దాకా వచ్చిన ఇంజన్ల క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులు, ఆ తర్వాతవాటికి ఐదు, మీది ఐదు బేరింగుల రకం. మోరిస్ మరీనా అనే ఇంకో కారులో కూడా ఇదే 1798 సీసీ ఇంజన్ వాడారు, కాబట్టి అది ఆ కారుదీ కావచ్చు. బ్లాక్ పక్కన రివెట్లు కొట్టిన చిన్న రేకు మీద ఇంజన్ నంబరు ఉంటుంది, అది 18వీ అని మొదలవ్వాలి. రివెట్లు కొత్తగా మెరుస్తుంటే ఆ రేకు ఇంకెక్కడిదో అయి ఉండొచ్చు.

అమ్మేవాళ్లు హెడ్, సంప్ రెండూ తీసి చూడనిస్తే, పిస్టన్ 020 లోపు, బేరింగ్ షెల్ 010 లోపు ఉంటే, అప్పుడు ఆలోచించండి. తీయనివ్వకపోతే అందులో వాడదగ్గ పార్టు ఒక్కటీ లేదనుకుని ఎంత ఇవ్వగలరో అంతే చెప్పండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి, ఇది పోతే మళ్లీ దొరకదేమో అన్న భయం అక్కర్లేదు. అరుదైన కారుకైతే నేను ఇలా చెప్పను, అక్కడ పగిలిన బ్లాక్‌నైనా జాగ్రత్తగా దాచుకోవాల్సిందే.

మీ ఇంజన్ కొడుతోందన్నారు కదా, దయచేసి ఇక స్టార్ట్ చేయకండి. బేరింగ్ పోయిన ఇంజన్ నడిపిన ప్రతి నిమిషం క్రాంక్ మీద గీతలు లోతవుతాయి, 10 థౌ గ్రైండింగ్‌తో పోయేది 30 దాకా వెళ్తుంది. ఆయిల్ తీసేటప్పుడు తెల్లటి గిన్నెలోకి పట్టి వెలుతురులో చూడండి, బేరింగ్ లోహం వెండి పొడిలా మెరుస్తుంది, రాగి రంగు కూడా కనిపిస్తే షెల్ పూర్తిగా అరిగిపోయినట్టే. విప్పాక పిస్టన్ మీద, షెల్ వెనక ఏ అంకెలున్నాయో ఫొటో పెట్టండి, ఆ రెండూ చూస్తే ఆ రెండో ఇంజన్ అవసరమో కాదో చెప్పగలను.