గేమ్ నడుస్తోంది, దాని కంపెనీ మాత్రం రిజిస్టర్‌లో లేదు

ప్రశ్న: మాది పలాస. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ గేమ్ ఆడతాడు. ఒక విదేశీ సంస్థకు చెందిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ దానిని మన దేశంలో నడుపుతోంది. పందెం గేమ్ కాదు. దాని పాస్ కోసం నెలనెలా నా యూపీఐ ఖాతా నుంచి డబ్బు వెళ్తోంది, ఇటీవల గేమ్‌లో వాడుకునే డైమండ్లు కూడా కొన్నాడు. కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూస్తే ఆ కంపెనీ పేరు ఎదుట ‘స్ట్రైక్ ఆఫ్’ అని ఉంది. గేమ్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. డబ్బు కట్టడం కొనసాగించవచ్చా?

జవాబు: కట్టవద్దు. ఈ జవాబు పూర్తిగా చదివే లోపే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, ఆ గేమ్ పేరు మీద ఉన్న అనుమతిని రద్దు చేయండి. ఫోన్ నుంచి గేమ్‌ను తీసివేసినంత మాత్రాన ఆటోపే ఆగదు.

‘స్ట్రైక్ ఆఫ్’ అంటే రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ ఆ కంపెనీ పేరును రిజిస్టర్ నుంచి తొలగించారని, చట్టం దృష్టిలో ఆ కంపెనీ రద్దయిందని అర్థం. కంపెనీల చట్టం 2013లోని 248వ సెక్షన్ ఈ అధికారం ఇస్తోంది. నమోదైన ఏడాదిలోగా వ్యాపారం మొదలుపెట్టకపోయినా, వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం చేయకపోయినా, అధికారులు రిజిస్టర్డ్ ఆఫీసుకు వెళ్లి చూసినప్పుడు అక్కడ ఏ కార్యకలాపమూ కనిపించకపోయినా ముందుగా కంపెనీకి, డైరెక్టర్లకు నోటీసు ఇచ్చి, ఆ తర్వాత పేరు తొలగించి గెజిట్‌లో ప్రకటిస్తారు. విదేశీ యాజమాన్యంలోని చిన్న కంపెనీలకు ఈ ముప్పు మరింత ఎక్కువని నా అభిప్రాయం. ప్రతి కంపెనీలోనూ ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు మన దేశంలో ఉండే డైరెక్టర్ ఒకరైనా ఉండాలని 149వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, ఇలాంటి కంపెనీలు చాలా వరకు ఆ ఒక్కరి సంతకం మీదే నడుస్తుంటాయి. ఆయన రాజీనామా చేసి, కొత్తవారిని నియమించడం విదేశంలోని యాజమాన్యానికి పట్టకపోతే వార్షిక పత్రాలు దాఖలు చేసే నాథుడే ఉండడు. అలా పత్రాలు రాని కంపెనీ వ్యాపారం మానేసిందని రిజిస్ట్రార్ భావించే అవకాశం ఉంటుంది.

మరి గేమ్ ఎలా నడుస్తోంది? గేమ్ సర్వర్లు సాధారణంగా విదేశీ మాతృసంస్థ అద్దెకు తీసుకున్న డేటా సెంటర్‌లో ఉంటాయి. ఆ అద్దె అందుతున్నంత కాలం గేమ్ నడుస్తుంది. ఇక్కడి రిజిస్టర్‌లో పేరు కొట్టివేసిన సంగతి ఆ సర్వర్‌కు తెలియదు. ప్రభుత్వం యాప్‌లను నిషేధించడం వేరే విషయం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద నిలిపివేసినప్పుడు యాప్ అందుబాటులో లేకుండా పోయిందే తప్ప దాని వెనకున్న సంస్థలు రద్దు కాలేదు. మీ విషయంలో యాప్ అందుబాటులోనే ఉంది, బాధ్యత వహించాల్సిన కంపెనీయే లేదు. డబ్బు కట్టేవారికి ఇదే ఎక్కువ ప్రమాదం.

మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది డబ్బు చేరిన చోటు. 2017లో కేంద్రం రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లను తొలగించినప్పుడు వాటి బ్యాంకు ఖాతాల లావాదేవీలను కట్టడి చేయాలని బ్యాంకులకు సూచించింది. కాబట్టి రద్దయిన తర్వాత కూడా మీ చెల్లింపు సాఫీగా వెళ్తోందంటే అది మరెవరి ఖాతాకో చేరుతోందని అనుమానించాలి. మీ ఈమెయిల్‌కు వచ్చిన రసీదు తెరిచి, డబ్బు అందుకున్నవారి పేరు చదవండి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో ఆ గేమ్ పేజీకి వెళ్లి, యాప్ సపోర్ట్ అనే చోట డెవలపర్ వివరాలు చూడండి. గేమ్ తెరిచినప్పుడు కనిపించే లోగోను పట్టించుకోకండి. రసీదులో ఉన్న పేరు, డెవలపర్‌గా ఉన్న పేరు, రిజిస్టర్ నుంచి తొలగించిన పేరు, ఈ మూడింటినీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. మొదటి రెండూ విదేశీ మాతృసంస్థవే అయితే మీ ఒప్పందం దానితోనే కుదిరినట్లు, మీ ఫిర్యాదు కూడా దాని మీదే ఉండాలి. డబ్బు నేరుగా ఏదో వ్యక్తిగత యూపీఐ ఐడీకి వెళ్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయండి.

ప్లే స్టోర్ ద్వారా కొన్న డైమండ్లకు 48 గంటల లోపైతే గూగుల్‌నే రీఫండ్ అడగవచ్చు. ఆ గడువు దాటితే సాధారణంగా డెవలపర్‌ను అడగమంటారు. మీ డెవలపర్ జవాబు ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. కొన్నదాని విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. కంపెనీ ఆఫీసు ఉన్న ఊరు వెతుక్కుంటూ వెళ్లాల్సిన అవసరం లేదు.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తున్నాను. విదేశీ యాజమాన్యంలోని ఒక గేమ్ కంపెనీకి మూడు నెలలు ఇంటి నుంచే తెలుగు అనువాదాలు చేసి పెట్టాను. బిల్లు డబ్బు రాలేదు. ఇప్పుడు ఆ కంపెనీ స్థితి ‘తొలగింపు ప్రక్రియలో’ అని చూపిస్తోంది. నేనేం చేయాలి?

జవాబు: మీకు ఇంకా సమయం ఉంది, అది ఎక్కువ కాదు. తొలగింపునకు ముందు ఇచ్చే బహిరంగ ప్రకటన వెలువడిన 30 రోజుల లోపు ఎవరైనా రిజిస్ట్రార్‌కు అభ్యంతరం తెలపవచ్చు. మీ బిల్లు, పని అప్పగించిన ఈమెయిళ్లు జతచేసి, బకాయి తీరేదాకా పేరు తొలగించవద్దని రాయండి. కంపెనీ అప్పులు తీర్చడానికి తగిన ఏర్పాటు ఉందో లేదో రిజిస్ట్రార్ చూసుకోవాలని చట్టమే చెబుతోంది.

ఏ రిజిస్ట్రార్‌కు రాయాలో కంపెనీ గుర్తింపు సంఖ్య చెబుతుంది. అందులో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి అక్షరం, దాని తర్వాతి ఐదు అంకెలు దాటాక వచ్చే రెండు అక్షరాలు రాష్ట్రానివి. అక్కడ ‘కేఏ’ ఉంటే బెంగళూరు రిజిస్ట్రార్‌కు, ‘ఏపీ’ ఉంటే విజయవాడ రిజిస్ట్రార్‌కు రాయాలి. ఆ తర్వాతి నాలుగు అంకెలు నమోదైన సంవత్సరం. దాని వెంట ‘ఎఫ్‌టీసీ’ అని ఉంటే అది విదేశీ కంపెనీకి అనుబంధ సంస్థగా నమోదైందని అర్థం. అప్పుడు మాతృసంస్థకు కూడా అదే రోజు నోటీసు పంపండి.

ఒకవేళ పేరు తొలగించేసినా మీ బాకీ రద్దు కాదు. డైరెక్టర్ల, సభ్యుల బాధ్యత ఏదైనా ఉంటే అది కొనసాగుతుందని 248వ సెక్షనే చెబుతోంది. కంపెనీని తిరిగి రిజిస్టర్‌లో చేర్చాలని దాని నుంచి బాకీ రావలసినవారు గెజిట్ ప్రకటన వెలువడిన 20 ఏళ్ల లోపు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అయితే డబ్బు వసూలు దావాకు సాధారణ కాలపరిమితి మూడేళ్లే కాబట్టి ఆ 20 ఏళ్లను చూసి నిబ్బరంగా కూర్చోవద్దు. చిన్న మొత్తానికి ట్రిబ్యునల్ ఖర్చు గిట్టుబాటు కాదు కనుక, డైరెక్టర్లకు, మాతృసంస్థకు న్యాయవాది ద్వారా నోటీసు పంపడమే ముందుగా చేయవలసిన పని.

ప్రశ్న: విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఇలాంటి గేమ్ ఆగిపోతే ఏళ్లుగా కొన్నవన్నీ పోతాయా? నా ఖాతా వివరాలు ఏమవుతాయి?

జవాబు: కొన్నవి పోతాయి. నిబంధనల్లో చాలా వరకు రాసేది వాడుకునే అనుమతి ఇస్తున్నామనే తప్ప వస్తువు అమ్ముతున్నామని కాదు. 2024 మార్చి 31న యుబీసాఫ్ట్ తన ‘ది క్రూ’ గేమ్ సర్వర్లను మూసివేసినప్పుడు డబ్బు పెట్టి కొన్నవారికీ అది పనికిరాకుండా పోయింది. ఆ తర్వాతే యూరప్‌లో ఆటగాళ్లు సంతకాల ఉద్యమం మొదలుపెట్టి పది లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. అమ్మిన గేమ్‌ను మూసివేశాక కూడా ఆడుకునే వీలు ఉంచాలన్న వారి కోరిక న్యాయమైనదే.

వివరాల విషయంలో చేయవలసింది మీ చేతిలోనే ఉంది. గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాల సెట్టింగ్‌లలో ఆ గేమ్‌కు ఇచ్చిన అనుమతి తీసివేయండి. అదే పాస్‌వర్డ్ మరెక్కడైనా వాడుతుంటే అక్కడ మార్చండి. గేమ్ లోపల ఖాతా తొలగించే వీలు ఉంటే సర్వర్ నడుస్తుండగానే ఆ పని పూర్తి చేయండి. రద్దయిన కంపెనీ డొమైన్ పేరును, అంటే దాని వెబ్‌సైట్, ఈమెయిల్ చిరునామాల్లో ఉండే పేరును, ఎవరూ పునరుద్ధరించకపోతే కొంతకాలానికి దానిని ఎవరైనా కొనుక్కోవచ్చు. అలా కొన్నవారు పాత చిరునామా నుంచే మీకు ఈమెయిల్ పంపగలరు. ఆ గేమ్ పేరుతో రీఫండ్ ఇస్తామని, ఖాతాను కొత్త సర్వర్‌కు మారుస్తామని వచ్చే లింకులను ఇకపై తెరవకండి.