‘అనుమతి’ వేరు, ‘ఆమోదం’ వేరు

సందేహం: మాది నెల్లూరు జిల్లా. హైస్కూల్లో తెలుగు చెబుతాను. ‘రుజువు లేని వైద్యానికి ప్రభుత్వం అండగా నిలవవచ్చా?’ అని పిల్లలకు వాదపోటీ పెడితే, వాళ్లు మా కృష్ణపట్నంలో కరోనాకని పంచిన ఆనందయ్య మందునే ఉదాహరణగా తీసుకున్నారు. ‘ప్రభుత్వమే ఆమోదించింది’ అని ఒక జట్టు, ‘ఆమోదించలేదు, అనుమతి ఇచ్చింది, అంతే’ అని ఇంకో జట్టు. రెండూ ఒకటేగా అని మా తోటి ఉపాధ్యాయులు. ఏది సరి? ‘నిరూపించబడని వైద్యం’ అని రాయవచ్చా? ‘నాటుమందు’ అంటే చిన్నచూపా?

సమాధానం: రెండో జట్టు చెప్పిందే సరైనది. అంత తేడా పట్టుకున్నందుకు ఆ పిల్లల్ని నా తరఫున మెచ్చుకోండి.

అనుమతి అంటే చేసుకోనివ్వడం, అడ్డు చెప్పకపోవడం. ఆమోదం అంటే ఇది సరైనదేనని ఒప్పుకోవడం. మైదానంలో సభ పెట్టుకోవడానికి పోలీసులు అనుమతి ఇస్తారు. అక్కడ మాట్లాడిన మాటలను వాళ్లు ఆమోదించినట్టు కాదు. అదే శాసనసభ బిల్లును ‘ఆమోదించింది’ అంటాం గానీ ‘అనుమతించింది’ అనం.

ఇప్పుడు జరిగింది చూడండి. 2021 మే నెల. కరోనా రెండో వేవ్‌లో ఆసుపత్రుల్లో బెడ్లు లేవు, ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతున్నారు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగె ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న మందు కోసం మే 21న వేలమంది ఎగబడ్డారు. పంపిణీ ఆపాల్సి వచ్చింది. మందును శాస్త్రీయంగా పరిశీలించాలని అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి సమీక్షలో నిర్ణయించారు. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు, ఆయనదీ మీ జిల్లానే, ఆయుర్వేదం లాంటి దేశీయ వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ మంత్రితోనూ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతితోనూ మాట్లాడారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం చెప్పింది. ఆ మందులో నోటితో తీసుకునే పి, ఎల్, ఎఫ్ అనే రకాలను పంచుకోవచ్చు. కంట్లో వేసే చుక్కలకు అప్పటికి అనుమతి లేదు. దీనికి ఆధారం కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక. ఈ మందుతో కరోనా తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదు, వాడితే హాని లేదు, డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానొద్దు అన్నది ప్రభుత్వం చెప్పినదాని సారం.

మరి ‘ఆమోదించింది’ అన్న మాట జనం నోట్లోకి ఎలా వచ్చింది? నన్నడిగితే దారి తప్పింది ‘కు’ దగ్గర. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది పంపిణీకి. శీర్షికలో చోటు చాలక ‘పంపిణీ’ ఎగిరిపోయి ‘మందుకు అనుమతి’ మిగిలింది, ఇంకొందరు ‘మందుకు గ్రీన్ సిగ్నల్’ అన్నారు. విభక్తి ప్రత్యయం అదే ‘కు’ (‘పంపిణీ’ తర్వాత ‘కి’ అవుతుంది), కానీ అది అతుక్కున్న మాట మారింది. పంపిణీకి అనుమతి అంటే జనం గుమిగూడటం, క్యూలు, పోలీసు బందోబస్తు గుర్తొస్తాయి. మందుకు అనుమతి అంటే పరీక్షలో పాసయిందని వినిపిస్తుంది. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. ఆయాసంతో మంచం మీద ఉన్న మనిషికి అది ఎలా వినిపిస్తుందన్నదే నా బాధ.

‘దుష్ప్రభావాలు లేవు’ అన్న మాటకూ ఇదే గతి పట్టింది. చెడు చేయదు అన్నారు గానీ మంచి చేస్తుంది అనలేదు. దుష్ప్రభావం లేదంటే ప్రభావం ఉందని కాదు, రెండూ లేకపోవచ్చు. టీవీ చర్చల్లో మాత్రం మొదటిది చెప్పి, రెండోది రుజువైనట్టే ముందుకు వెళ్లిపోయేవారు.

‘కరోనా మందు’ అన్న సమాసం మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. ‘దగ్గు మందు’ అంటే దగ్గును తగ్గించే మందు. ‘ఎలుకల మందు’ అంటే ఎలుకలను చంపేది. ‘పసరు మందు’లో మొదటి మాట ఆ మందు దేనితో చేశారో చెబుతుంది. ‘ఆనందయ్య మందు’లో ఎవరు ఇచ్చారో చెబుతుంది. సమాసంలో విభక్తి కనిపించదు, మన అలవాటే దాన్ని పూరిస్తుంది. రోగం పేరు పక్కన ‘మందు’ చేరితే, ఆ రోగాన్ని తగ్గించేదని తెలుగువాడి చెవి తీర్పు ఇచ్చేస్తుంది. అందుకే ‘ఆనందయ్య మందు’ అనడంలో తప్పు లేదు. ‘ఆనందయ్య కరోనా మందు’ అంటే తేలని విషయాన్ని తేల్చేసినట్టే.

హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చేదాన్ని చూడండి. కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగిస్తారు. దాన్ని జనం ‘చేప మందు’ అనేవారు. మందంటే రుజువేదని హేతువాదులు నిలదీసి కోర్టుకు వెళ్లాక ‘చేప ప్రసాదం’ అయింది. ప్రసాదాన్ని ఎవరు ప్రయోగశాలకు పంపుతారు? పేరు మారినా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ప్రభుత్వ ఏర్పాట్లు జరుగుతూనే ఉన్నాయి. చేపపిల్లల కౌంటర్లు పెట్టేది మత్స్యశాఖే. ప్రసాదం అన్నప్పుడు అది భక్తుల ఇష్టం. ఉబ్బసం తగ్గుతుందని చెప్పినప్పుడు మాత్రం, పేరేదైనా, రుజువు అడగాల్సిందే.

మీ పిల్లల వాదంలో రాజకీయాలూ వచ్చే ఉంటాయి. అప్పట్లో అధికార, ప్రతిపక్షాలు వెబ్‌సైట్‌లో మందు అమ్మకం గురించి ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఎవరు పంచాలి, ఎవరికి ముందు అందాలి అన్నదాని మీద నడిచినంత గొడవ, పనిచేస్తుందా లేదా అన్నదాని మీద నడవలేదు. రుజువేదని గట్టిగా అడిగింది సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థలు, కొందరు డాక్టర్లు. వాళ్లకు తగిలిన తిట్లూ తక్కువేమీ కాదు.

అయితే వ్యతిరేకించే జట్టుకూ ఒక మాట చెప్పండి. ‘పనిచేస్తుందని తేలలేదు’, ‘పనిచేయదని తేలింది’ ఒకటి కాదు. మొదటిదానిలో పరీక్ష ఇంకా జరగలేదు, రెండోదానిలో జరిగిపోయింది. ఆ మే నెలలో ఉన్నది మొదటి స్థితి. కాబట్టి ‘బూటకం’ అనడానికి కూడా రుజువు కావాలి. అలాగని రెండు జట్లూ సమానమేనని నేను అనను. పనిచేస్తుందన్నవాళ్లే ముందు రుజువు తేవాలి.

‘నిరూపించబడని’ గురించి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. ‘బడు’ చేర్చిన కర్మణి వాక్యం తెలుగులో బరువుగా, పరాయిగా ఉంటుంది. ‘రుజువు కాని వైద్యం’ హాయిగా ఉంది కదా, అదే రాయించండి. ఎవరు రుజువు చేయాలో చెప్పదలచుకుంటే ‘ఇంకా ఎవరూ రుజువు చేయని వైద్యం’ అనండి.

‘నాటు’లో చిన్నచూపు లేదు. నాడు అంటే దేశం, ప్రాంతం. దానికి సంబంధించిందే నాటు. నాటుకోడికి ధర ఎక్కువే పెడతాం కదా. ఆయుష్ అధికారులు కూడా ఆనందయ్య మందును ఆయుర్వేద ఔషధంగా గుర్తించలేమని, నాటుమందుగానే చూస్తామని అన్నారు. అది తిట్టు కాదు, వర్గీకరణ. ఆయుర్వేద ఔషధం అని ముద్ర పడాలంటే గ్రంథ ప్రమాణమో లైసెన్సో ఉండాలి. వేపాకు, తేనె, మిరియాలు కలిసినంత మాత్రాన ఆ పేరు రాదు. పిల్లలు ‘నాటుమందు’ అనే రాయవచ్చు, ఎగతాళిగా పలకకుండా ఉంటే చాలు.