పాఠకుల ప్రశ్నలు: తాతగారి పెట్టెలో రోమన్ నాణెం

ప్రశ్న: మా తాతగారి పాత పెట్టెలో పావలా కాసంత వెండి నాణెం ఒకటి దొరికింది. ఒకవైపు ఆకుల దండ ధరించిన పురుషుని తల, మరొకవైపు కూర్చున్న స్త్రీ, ఆమె పక్కన ‘పాంటిఫ్ మాక్సిమ్’ అనే అక్షరాలు ఉన్నాయి. పురుషుని చెంప మీద గాటు ఉంది. ఇది రోమన్ నాణెమేనా? నిమ్మరసంతో తోమవచ్చా?
— ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: మీరు చదివిన ఆ రెండు మాటలతోనే సగం చిక్కు విడిపోయింది. అవి రోమ్ ప్రధాన పురోహిత పదవికి సంక్షిప్త రూపం. ఆ పదవిని చాలామంది చక్రవర్తులు తమ వద్దే ఉంచుకున్నారు కాబట్టి అదొక్కటే ఆధారంగా చాలదు. అయితే వెండి నాణెంపై కూర్చున్న స్త్రీ బొమ్మతో కలిసి కనిపించినప్పుడు, అది క్రీ.శ. 14–37 మధ్య పాలించిన రోమన్ చక్రవర్తి టైబీరియస్ ‘దీనారియస్’ (రోమన్ వెండి నాణెం) నమూనాకు సరిపోతుంది. ఆ స్త్రీ అతని తల్లి లివియా అని చాలామంది భావిస్తారు. ఆమె ఒక చేత రాజదండం, మరో చేత కొమ్మ ఉన్నాయేమో భూతద్దంతో చూడండి.

తల చుట్టూ ‘టిఐ సీజర్ డివి ఆగ్ ఎఫ్ అగస్టస్’ అని, అంటే దైవత్వం పొందిన అగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ అగస్టస్ అని ఉండాలి. ‘యు’ అక్షరాన్ని ‘వి’ లాగానే చెక్కేవారు కనుక కంగారు పడకండి. ముఖం పోలికను చివరకు పెట్టుకోవడం మేలు, ఎందుకంటే అరిగిన వెండిపై ఇద్దరు చక్రవర్తుల ముక్కులు ఒక్కలాగే కనిపిస్తాయి. చాలా రోమన్ నాణేలపై ‘టిఆర్ పి’ (చక్రవర్తికి ఏటా లెక్కించే ట్రిబ్యూన్ అధికారానికి సంక్షిప్త రూపం) తరువాత వచ్చే అంకె ముద్రించిన సంవత్సరాన్ని తెలుపుతుంది; ఈ రకంపై అది లేనందున ఏ సంవత్సరపుదో చెప్పలేము.

గాటును లోపంగా భావించనక్కరలేదు. మన దేశంలో దొరికిన రోమన్ నాణేలు కొన్నింటిపై ఇలాంటి ఉలి గాట్లు ఉన్నాయి. లోహం అసలుదేనా అని పరీక్షించడానికి పెట్టినవని ఒక అభిప్రాయం. నల్లగొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేల నిధి బయటపడింది కాబట్టి, మీ ఇంట్లో ఇది కనిపించడం మరీ అసంభవమేమీ కాదు.

అయినా నకళ్లు కొల్లలు. కంసాలి త్రాసులో తూయించండి: కొత్తగా ఉన్నప్పుడు బరువు 3.9 గ్రాములకు దగ్గరగా ఉండేది, అరుగుదల వల్ల కొంత తగ్గుతుంది. అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలంపై సన్నని బుడగల గుంటలు కనిపిస్తే అది పోతపోసినదని అనుమానించాలి, ఎందుకంటే అసలువాటిని అచ్చుల మధ్య సుత్తితో కొట్టి ముద్రించేవారు.

నిమ్మరసం, చింతపండు రెండూ వద్దు. పైనున్న నలుపు పొరతోపాటు అక్షరాల అంచులు కూడా పోతాయి. నాణెం అంచులు పట్టుకుని, తోమకుండానే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నిపుణులకు చూపించండి.