వయసు అడగకండి, మోకాళ్ళు అడగండి

మహబూబ్‌నగర్ నుంచి ఒకరు అడిగారు: "మా నాన్నకు 68, అమ్మకు 63. ఇరవై ముప్పై గదులుండే చిన్న లగ్జరీ క్రూయిజ్ షిప్పులో వారం రోజులు పంపుదామనుకుంటున్నాం. పెద్దవయసు వాళ్ళు అక్కడ ఇముడుతారా, లేక ఓ మూల కూర్చుని వస్తారా?"

ఇముడుతారు. ఇంకో మాట చెప్పాలంటే ఆ షిప్పుల్లో ఇమడనిది చిన్నవయసు వాళ్ళే. 2023 జనవరిలో వారణాసి నుంచి దిబ్రూగఢ్‌కి బయల్దేరిన గంగా విలాస్ గుర్తుందా? 18 గదులు, 51 రోజులు, 3,200 కిలోమీటర్లు. ఉద్యోగం చేసేవాళ్ళకు 51 రోజులు సెలవు ఎవరిస్తారండీ? అంత తీరిక, అంత డబ్బు, రోజంతా ఒడ్డు చూస్తూ కూర్చునే ఓపిక రిటైరైన వాళ్ళకే ఉంటాయి. పాటలు, డాన్సులు, ఈత కొలనులు, వేలమంది జనం కావాలంటే పెద్ద షిప్పులున్నాయి, అవి వేరే లోకం.

నేను 2024 ఫిబ్రవరిలో మా అమ్మను బ్రహ్మపుత్ర మీద ఏడు రాత్రుల ప్రయాణానికి తీసుకెళ్ళాను. గువాహటి దగ్గర ఎక్కి జోర్హాట్ దగ్గర దిగాం. ఆధార్ ప్రకారం అమ్మకు అప్పటికి 75. ఖర్చు డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు పెట్టుకున్నాడు, నా టీచర్ జీతంతో అయ్యే పని కాదది. షిప్పులో మొత్తం ముప్పై ఒక్క మందిమి. అందులో అరవై లోపు వాళ్ళు నాతో కలిపి ఐదారుగురు. మిగిలినవాళ్ళు చాలావరకు జర్మనీ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు. రాత్రి తొమ్మిదింటికల్లా డెక్ ఖాళీ. రాత్రిపూట షిప్పు నడపరు, ఏదో ఒక ఇసుక తిన్నె పక్కన ఆపేస్తారు, కాబట్టి ఊగడం, కడుపులో తిప్పడం ఏమీ ఉండదు. మా అమ్మ ఇంట్లో కన్నా అక్కడే బాగా నిద్రపోయింది.

కాబట్టి వయసు గురించి టెన్షన్ వద్దు. మీరు అడగాల్సింది మోకాళ్ళ గురించి. మా నల్లగొండ వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. అమ్మ పెళ్ళయి మర్రిగూడ వైపు వచ్చింది. నలభై ఏళ్ళు అక్కడి బోరు నీళ్ళు తాగింది. ఆ నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి కీళ్ళు బిగిసిపోయాయి, నడుము వంగదు, మోకాలు పూర్తిగా ముడవదు. మా ఊళ్ళో నలభై ఏళ్ళకే ఎనభై ఏళ్ళ నడక వచ్చినవాళ్ళు ఉన్నారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరే వాడుతుంది. పేరైతే వచ్చింది, కానీ మా అమ్మ తరం ఎముకలు మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు. అందుకే ఎవరైనా "మీ అమ్మగారి వయసెంత?" అని అడిగితే నాకు కోపం వస్తుంది. పుట్టినరోజు చెప్పే వయసు వేరు, మెట్టు దగ్గర తెలిసే వయసు వేరు.

హైదరాబాద్‌లో మేము మొదట వెళ్ళిన ట్రావెల్ ఏజెంటు కూడా అదే అడిగాడు. 75 అనగానే, "అమ్మగారికి అక్కడ ఇబ్బందండీ, అంతా ఫారినర్స్ ఉంటారు, కాశీ ప్రయాగ గయ ప్యాకేజీ ఇస్తాను" అన్నాడు. మెట్లెన్ని ఉంటాయో, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ ఉంటుందో లేదో ఒక్క మాట చెప్పలేదు. అమ్మ పక్కనే కూర్చుని ఉంది, ఆమెను అడగనే లేదు. అరవై దాటితే మనిషికి దేవుడు తప్ప వేరే ఆశ ఉండకూడదని ఎవరు రాశారు? కాశీ నాకూ ఇష్టమే, కానీ ఆ గల్లీల్లో బిగిసిన మోకాళ్ళతో తోపులాటలో నిలబడటం కన్నా షిప్పు వంద రెట్లు సులువు.

ఇక అసలు సంగతి. షిప్పు లోపల ఏ కష్టమూ లేదు, కష్టమంతా దిగేటప్పుడే. చలికాలంలో బ్రహ్మపుత్ర నీళ్ళు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి, ఏడాదికోసారి చోటు మారుతూ ఉంటాయి, కాబట్టి చాలా చోట్ల సరైన రేవు ఉండదు. షిప్పును ఒడ్డుకు చేర్చి, ఇసుకలో గూటాలు పాతి తాళ్ళు కట్టి, షిప్పు నుంచి ఒడ్డుకు ఓ చెక్క పలక వేస్తారు. పలకకు అటూ ఇటూ ఇద్దరు కుర్రాళ్ళు వెదురు బొంగు పట్టుకుని నిలబడతారు, అదే రెయిలింగ్.

మూడో రోజు సాయంత్రం అలాంటి తిన్నె దగ్గర ఆగాం. పలక కింద నీళ్ళు కదులుతున్నాయి. అందరూ ఒక్కొక్కరే దిగుతున్నారు. నాకు చేతులు వణికాయి. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని "నువ్వు ఇక్కడే కూర్చో, నేను ఫోటోలు తీసుకొస్తా" అన్నాను. అమ్మ నా వైపు చూసి, "ఎందుకే గంత భయం? సాగర్ కట్ట మీద తట్ట నెత్తిన పెట్టుకుని ఇంతకన్న సన్నని కర్రల మీద నడిచిన. చెయ్యి ఇడువు" అంది.

మా అమ్మ పుట్టిల్లు పాలమూరు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన అయ్యాక కూలి కోసం అటువైపు నుంచి వెళ్ళిన కుటుంబాల్లో మా తాతవాళ్ళదీ ఒకటి. పద్నాలుగేళ్ళ పిల్లగా అమ్మ అక్కడ కంకర తట్టలు మోసింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలేనాటికి ఆమెకు పెళ్ళయిపోయింది. ఇదంతా నాకు తెలిసిందే, కానీ ఆ పలక ముందు నిలబడి నేను మర్చిపోయాను. చెయ్యి వదిలాను. మోకాలు వంచకుండా, కాలు పక్కకు వేసుకుంటూ, మెల్లగా, ఒక్క చోట కూడా తడబడకుండా ఆమె ఒడ్డుకు చేరింది. ఆమె తర్వాత దిగిన నేనే రెండు సార్లు వెదురు పట్టుకున్నాను.

2016లో కృష్ణా పుష్కరాలకు వాడపల్లిలో మునిగింది అమ్మ. 2019 నవంబరులో బ్రహ్మపుత్ర పుష్కరాలకు మా ఊరి వాళ్ళతో కలిసి వెళ్ళాల్సింది, నాన్న మంచంలో ఉండటంతో కుదరలేదు. ఆ వెలితి ఆమెకు ఉండిపోయింది. అందుకే దిగగానే నీళ్ళ దగ్గరికి నడిచింది. వంగబోయింది, నడుము వంగలేదు. నేను ఇంకా వెనకే ఉన్నాను. ఈలోగా ఎనభైకి దగ్గర్లో ఉన్న ఒక జర్మన్ ఆవిడ తన నీళ్ళ సీసా ఖాళీ చేసి, నదిలో ముంచి, అమ్మ దోసిట్లో పోసింది. అమ్మ తల మీద చల్లుకుని, మిగిలిన నీళ్ళు ఆవిడ తల మీద కూడా చల్లింది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు జర్మన్ రాదు. ఆ రాత్రి నుంచి చివరి రోజు దాకా ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. అమ్మ తెచ్చిన సకినాలు ఆవిడకు పెట్టింది. మూల కూర్చుంటారా అని అడిగారుగా, అందుకని చెబుతున్నాను.

అన్నీ బాగున్నాయని అనను. వంటంతా తెల్లవాళ్ళ నాలుకకు తగ్గట్టు చప్పగా ఉంది. చింతకాయ తొక్కు తీసుకెళ్ళబట్టి బతికాం, మీరూ పంపండి. పెరుగన్నం అడిగితే మాత్రం రోజూ పెట్టారు. దారిలో కజిరంగా అడవి చూపించడానికి ఎక్కించిన జీపు మెట్టు మన పల్లె బస్సు మెట్టంత ఎత్తు ఉంది. స్టూలు వేయించుకున్నాం కానీ అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. మన దగ్గర ఆడవాళ్ళకు బస్సు టికెట్ తీసేశారు, సంతోషం, ఆ మొదటి మెట్టు కూడా కాస్త కిందికి దించితే మా అమ్మలాంటి వాళ్ళు ఇంకొకరి చెయ్యి కోసం చూడకుండా ఎక్కుతారు.

బుక్ చేసేముందు ఫోన్ చేసి అడగండి: లిఫ్ట్ ఉందా (చాలా చిన్న షిప్పుల్లో ఉండదు), భోజనాల గది ఏ అంతస్తులో ఉంది, అదే అంతస్తులో గది ఇస్తారా, ఒడ్డుకు ఎలా దింపుతారు, దిగలేని రోజు షిప్పులోనే ఉండనిస్తారా, డాక్టర్ ఎంత దూరంలో ఉంటారు. సరిగ్గా చెప్పని చోట డబ్బు కట్టకండి. నీళ్ళంటే అలవాటు లేకపోతే ముందు సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో ఒకసారి తిప్పండి, గంటలోపు ప్రయాణం. ఎక్కడం, దిగడం ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది. అది బాగుంటే సాగర్ నుంచి శ్రీశైలం దాకా వెళ్ళొచ్చు, దాదాపు 110 కిలోమీటర్లు, ఐదారు గంటలు కూర్చోవాలి. మీకైతే కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఇంకా దగ్గర.

ఇంకొకటి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పంపుదామనుకుంటున్నాం అని రాశారు కానీ మీ అమ్మానాన్నలు ఏమన్నారో రాయలేదు. వాళ్ళను అడిగారా?