ఆర్‌వీలో టాయిలెట్ ట్యాంక్ వాల్వ్ తెరిచే ఉంచవచ్చా?

అమెరికాలో ఆర్‌వీ (పడక, వంటిల్లు, టాయిలెట్ ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకునేవాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. క్యాంప్‌గ్రౌండ్‌లో మురుగు కనెక్షన్ ఉంది కదా, టాయిలెట్ ట్యాంక్ వాల్వ్ తెరిచే ఉంచితే సరిపోదా అని.

వద్దు. తెరిచి ఉంచితే నీళ్లన్నీ జారిపోయి, మలం మాత్రం అడుగున పేరుకుని గట్టిపడుతుంది. తర్వాత దాన్ని వదిలించడం నరకం. బ్లాక్ ట్యాంక్ (అంటే ఈ టాయిలెట్ ట్యాంకే) వాల్వ్ మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలండి. ఆ వేగానికి చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ తర్వాతే సింకు, షవర్ నీళ్లుండే గ్రే ట్యాంక్ తెరవాలి, ఆ సబ్బు నీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. ఈ వరస మార్చకండి.

ఖాళీ చేశాక వాల్వ్ మూసి, ట్యాంక్ అడుగు మునిగేలా నీళ్లు పోసి, వాసన తగ్గించే మందు వేయండి. మనకు నీళ్లు వాడే అలవాటు ఉండటం ఇక్కడ నిజంగా కలిసొస్తుంది. ట్యాంక్ కాస్త త్వరగా నిండుతుంది, అంతే. వెట్ వైప్స్ మాత్రం, ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసున్నా, అస్సలు వేయకండి.

గ్లోవ్స్ తప్పనిసరి. తాగునీటి గొట్టంతో మురుగు గొట్టాన్ని ఎప్పుడూ కడగొద్దు, మీ పిల్లలు తాగేది ఆ గొట్టంలోంచి వచ్చే నీళ్లే.